మధురవాడ ఫ్లాటుకు ఇంటర్నెట్: ఏ కనెక్షన్, ఎంత వేగం?

సుజాత_పీఎంపాలెం | ఆదివారం, సాయంత్రం 6:40

నమస్కారమండీ. పండుగ వెళ్లాక విశాఖలో మధురవాడ దగ్గర కొత్త ఫ్లాటులోకి మారుతున్నాము. ఐదంతస్తుల భవనం, మాది నాలుగోది, మూడు పడకగదులు. మావారికి ఇంటి నుంచే ఉద్యోగం, పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా వీడియో సమావేశాలే. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఆన్‌లైన్‌లో నమూనా పరీక్షలు రాస్తుంది. మామయ్యగారికి టీవీలో వార్తలు, భక్తి ఛానళ్లు లేకపోతే పొద్దు గడవదు.

గృహప్రవేశం ఇంకా కానేలేదు, గేటు దగ్గర కాగితాలు పంచేవాళ్లు అప్పుడే చేరిపోయారు. ఒకరు 40 ఎంబీపీఎస్ (సెకనుకు 40 మెగాబిట్ల వేగం) చాలంటారు. ఒకరు 300 లేనిదే ఈ రోజుల్లో పని జరగదంటారు. ఇంకొకరు అసలు తీగే అవసరం లేదు, డాబా మీద పెట్టె బిగిస్తే 5జీ వస్తుందంటారు. ముగ్గురూ కలిసి ఒప్పుకునేది ఒక్కటే, మిగతా ఇద్దరిదీ పనికిరాదని! ఎక్కడి నుంచి చూడటం మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పండి.

తీగలవాడు | ఆదివారం, రాత్రి 7:15

సుజాత గారూ, కంపెనీ పేరూ వేగమూ తరవాత చూద్దాం. ముందు ఆ భవనం మీటర్ల గదిలోకి వెళ్లి గోడ మీద ఏయే పెట్టెలు ఉన్నాయో ఫోటో తీయండి. నేను ఈ ఊళ్లో కనెక్షన్లు బిగించే పనిలో ఉన్నవాణ్ని, అందుకే ముందుగా అడుగుతున్నాను.

అపార్ట్‌మెంట్లకు ఇంటర్నెట్ రెండు రకాలుగా వస్తుంది. అమ్మేటప్పుడు రెండింటినీ ఫైబర్ అనే అంటారు. మొదటి రకంలో సన్నని గాజు తీగ నేరుగా మీ ఫ్లాటులోకే వచ్చి, ఆకుపచ్చ కనెక్టరుతో మోడెంలోకి వెళుతుంది. రెండో రకంలో ఆ తీగ మీటర్ల గదిలోనే ఆగిపోతుంది. అక్కడ నెట్‌వర్క్ స్విచ్చి అనే పంపిణీ పెట్టె పెట్టి, దాని నుంచి ఒక్కో ఫ్లాటుకు మామూలు ల్యాన్ కేబుల్ లాగుతారు.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, కరెంటు పోయినప్పుడు. వీధిలో ఫైబర్‌ను చీల్చే స్ప్లిట్టర్లకు కరెంటుతో పని లేదు. కాబట్టి మొదటి రకంలో ఆపరేటరు గదిలో బ్యాటరీ ఉండి, మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంటే చాలు. రెండో రకంలో మీటర్ల గదిలోని స్విచ్చికి కూడా కరెంటు కావాలి. వాచ్‌మన్ ఫోను ఛార్జింగు కోసం ఆ ప్లగ్గు పీకితే భవనమంతా ఆగిపోయిన సందర్భాలు నేను కళ్లారా చూశాను. పైగా ల్యాన్ కేబుల్‌లో ఉండేది రాగి. డాబాల మీదుగా పక్క భవనానికి లాగి ఉంటే పిడుగుల వానలో పోర్టులు మాడిపోతాయి. గాజుకు ఆ బాధ లేదు.

గాజువాక_గేమర్ | ఆదివారం, రాత్రి 7:22

300 తీసుకోండి అక్కా. నేను దాని మీదే ఆడుతున్నాను, పింగ్ అదిరిపోతుంది.

పాత_ఎక్స్ఛేంజి | ఆదివారం, రాత్రి 8:30

బాబూ, పింగ్ అంటే సందేశం సర్వరు దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం, దానికీ ఆ 300కూ సంబంధం తక్కువ. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నీ ఆట సర్వరు ముంబైలో ఉండి, తీగ దారి 1,500 కిలోమీటర్లు అనుకుంటే, వెళ్లి రావడానికే 15 మిల్లీసెకన్లు. ప్లాను 40 అయినా 1,000 అయినా ఆ 15 తగ్గదు. పింగ్ చెడిపోయేది ఎప్పుడంటే, ఇంట్లో మరొకరు ఫోనులోని ఫోటోలన్నీ క్లౌడులోకి ఎక్కిస్తూ అప్‌లోడ్ దారిని నింపేసినప్పుడు. అందుకే ప్లాను అడిగేటప్పుడు అప్‌లోడ్ ఎంత అని విడిగా అడగాలి. చాలామంది అడగరు.

సుజాత గారికి కొంచెం వెనకటి సంగతి చెబుతాను, ఉపయోగపడుతుంది. నేను టెలిఫోన్ శాఖలో చేసి విరమించాను. ఫోను తీగ మీద నంబరు కలిపి ఇంటర్నెట్ వాడే డయల్-అప్ రోజుల్లో 56 కేబీపీఎస్ (వెయ్యి కేబీపీఎస్ ఒక ఎంబీపీఎస్) అంటే గరిష్ఠం, అదీ చేతికి అందేది కాదు. తరవాత అదే ఫోను తీగ మీద ఇంకా వేగమైన డీఎస్‌ఎల్ ఇంటర్నెట్ వచ్చింది. ఎక్స్ఛేంజి పక్క వీధిలో ఉన్నవాడు రాజు, నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నవాడు ఫిర్యాదుల పుస్తకంలో శాశ్వత సభ్యుడు. రాగి తీగ పొడవు పెరిగేకొద్దీ వేగం పడిపోయేది మరి.

ఇప్పటి ఇళ్ల ఫైబర్‌లో ఎక్కువగా వాడే పద్ధతి జీపాన్. 20 కిలోమీటర్ల వరకు దూరం సమస్య కాదు. ఆపరేటరు గదిలో ఒక పోర్టు నుంచి కిందికి (డౌన్‌లోడ్) 2,488 ఎంబీపీఎస్, పైకి (అప్‌లోడ్) 1,244 ఎంబీపీఎస్ వస్తాయి. దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. 32 ఇళ్లూ 100 ప్లానులే అనుకుంటే 3,200 కావాలి, ఉన్నది 2,488. అయినా ఇబ్బంది రాదు, ఎందుకంటే అందరూ ఒకే క్షణంలో నిండుగా లాగరు. రాత్రి ఎనిమిది దాటాక నెమ్మదించిందంటే నేను ముందుగా అనుమానించేది ఈ పంపకాన్ని కాదు, ఆపరేటరు తన పై కంపెనీ నుంచి కొన్న సామర్థ్యాన్ని. అది కాగితం మీద ఎక్కడా రాయరు. అదే భవనంలో ఇప్పటికే కనెక్షన్ ఉన్నవారి ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి కొలిచి చూడటం ఒక్కటే దారి.

గాజువాక_గేమర్ | ఆదివారం, రాత్రి 8:41

పింగ్ సంగతి అటుంచండి మాస్టారూ. కొత్త ఆట 100 జీబీ ఉంటుంది. 300లో ముప్పావు గంట, 100లో రెండుంబావు గంటలు. ఆ తేడా తేడా కాదా?

పాత_ఎక్స్ఛేంజి | ఆదివారం, రాత్రి 8:50

తేడానే. సుజాత గారింట్లో ఆటలాడేవాళ్లు లేరు.

లెక్కల_లక్ష్మి | ఆదివారం, రాత్రి 10:05

ఇంటి అవసరం ఎంతో లెక్క వేసి చూడండి సుజాత గారూ, అంతా అరకాగితం పని.

పెద్ద టీవీలో 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ వాళ్లు చెప్పేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. వీడియో సమావేశం నాణ్యంగా ఉన్నా 4 దాటదు. మీ వారి సమావేశం, అమ్మాయి పరీక్ష, మామయ్యగారి టీవీ, మీ ఫోను అన్నీ ఒకేసారి నడిచినా 30 దగ్గర ఆగుతుంది. దానికి మరో అంత జాగా వదిలితే 60. కాబట్టి 100 ప్లాను హాయిగా సరిపోతుంది. 40తో కూడా బండి నడుస్తుంది, కానీ ఎవరి ఫోనో కొత్త అప్‌డేట్ దించుకుంటుంటే సమావేశం తడబడుతుంది. 300కు డబ్బు పెట్టే ముందు శారద గారు వైఫై గురించి ఏమంటారో చూడండి, ఈ వేదికలో ఆవిడకు ఆ విషయం మీద బోలెడంత కోపం ఉంది.

ఇక డబ్బు. కాగితం మీద 499 అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. 18 శాతం జీఎస్‌టీ కలిపితే 589. ఆరు నెలలదో ఏడాదిదో ఒకేసారి కడితే మోడెం ఉచితం, బిగింపు ఉచితం అంటారు. ఉచితమన్న మోడెం చాలా చోట్ల వాళ్లదే, కనెక్షన్ మానేస్తే తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే డిపాజిట్టు పోతుంది. ఓటీటీ చందాలు కలిపిన ప్లానులో మీరు నిజంగా చూసేవి ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

'అపరిమితం' అన్న ప్లానులకు కూడా చిన్న అక్షరాల్లో నెలకు 3.3 టీబీ (3,300 జీబీ) పరిమితి ఉండటం మామూలు. దాని గురించి బెంగ వద్దు. అంటే రోజుకు 110 జీబీ. 4కే సినిమా గంటకు దాదాపు 7 జీబీ తింటుంది. ఇంట్లో అందరూ వంటా నిద్రా మానేసి రోజుకు పదహారు గంటలు 4కే చూస్తే తప్ప ఆ గీత దాటరు. నేనైతే ఆ పరిమితి కంటే, అది దాటాక వేగం ఎంతకు దించుతారన్నది చదువుతాను. కొందరు 2 ఎంబీపీఎస్ కంటే కిందికి కూడా దించుతారు. 2023 జనవరి నుంచి ప్రభుత్వ నిర్వచనంలో 2 ఎంబీపీఎస్ లేనిదాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనడానికే వీల్లేదు. అంతకు ముందు ఆ గీత 512 కేబీపీఎస్ దగ్గర ఉండేది.

సుజాత_పీఎంపాలెం | సోమవారం, ఉదయం 6:50

అందరికీ ధన్యవాదాలు. ఇంత లెక్క ఎవరూ చెప్పలేదు. మామయ్యగారి టీవీ కూడా ఇదే తీగ మీద తీసుకోవచ్చా? రాష్ట్ర ప్రభుత్వ ఏపీ ఫైబర్‌నెట్ అయితే రెండూ వస్తాయని పాత ఇంటి పక్కవారు అన్నారు.

అల్లిపురం_మూర్తి | సోమవారం, ఉదయం 9:20

వస్తాయి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు దాని ఆకర్షణే అది. నెలకు 149 రూపాయలకు టీవీ ఛానళ్లు, ఫోను, 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ అన్నారు. ధరలు తరవాత మారాయి. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్ అది, ఇంటికి తెచ్చి ఇచ్చేది మీ వీధి కేబుల్ ఆపరేటరే. కాబట్టి ఒకే పథకం అక్కయ్యపాలెంలో ఒకలా, మర్రిపాలెంలో మరోలా నడవవచ్చు. ఆపరేటరు మంచివాడైతే అంతా మంచిదే.

అయితే ఒక మాట. టీవీ, ఇంటర్నెట్ ఒకే తీగ మీద ఉంటే ఆ తీగ తెగినప్పుడు మీ వారి సమావేశమూ పోతుంది, మామయ్యగారి వార్తలూ పోతాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవారు టీవీని విడిగా ఉంచుకోవడమే మేలు. పాత కేబుల్ కొనసాగించినా సరే, డిష్ పెట్టుకున్నా సరే. డిష్ జడివానలో మొరాయిస్తుంది, వాన తగ్గాక దానంతటదే వస్తుంది.

ఎంవీపీ_పార్వతీశం | సోమవారం, ఉదయం 11:10

వేగం కొలిచేటప్పుడు 94 అనే అంకె కనిపిస్తే ఆగి చూడండి. మా తమ్ముడు 200 ప్లాను తీసుకున్నాడు. పొద్దున కొలిచినా రాత్రి కొలిచినా 94. సరిగ్గా 94. కంపెనీకి ఫోను చేస్తే 'మా వైపు అంతా బాగుంది సార్' అన్నారు, వాళ్ల వైపు నిజంగానే బాగుంది. వాళ్లిచ్చిన మోడెం వెనక ఉన్న పోర్టులు 100 ఎంబీపీఎస్ రకం. దానిలోంచి డేటాతో పాటు వెళ్లే చిరునామాల వంటి అదనపు సమాచారం పోగా బయటికొచ్చేది ఆ 94 మాత్రమే. నెలనెలా 200కు డబ్బు కడుతూ 94 వాడుకున్నాడు.

గిగాబిట్ పోర్టు ఉన్న మోడెం ఇచ్చాక కూడా ఒక గదిలో 94 దగ్గరే ఆగింది. ఈసారి తప్పు తీగది. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది సన్న తీగలు ఉంటాయి. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. బిగించిన కుర్రాడు నాలుగే కనెక్టరులో దూర్చి వెళ్లాడు. నాలుగు తీగలతో 100 వరకే పోతుంది. కనెక్టరు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే ఖాళీ గాడులు కనబడతాయి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ, ఈ వరసలో ఎనిమిదీ కనిపించాలి.

సీతమ్మధార_శారద | సోమవారం, మధ్యాహ్నం 2:30

లక్ష్మి నన్ను పిలిచింది కాబట్టి వచ్చాను.

మోడెం ఎక్కడ పెడతారు? వీధి గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు మీద. ఎందుకంటే తీగ అక్కడి నుంచి లోపలికి వస్తుంది, బిగించేవాడికి ఇంకో పది నిమిషాలు పని చేసే ఓపిక ఉండదు. ఆ మూలలో కూర్చున్న పెట్టె నుంచి చివరి పడకగదికి రెండు గోడలు, ఒక బీరువా, ఒక నిలువుటద్దం దాటి వైఫై రావాలి. రాకపోతే 'ప్లాను పెంచుకోండి మేడమ్' అంటారు. ప్లాను పెంచితే గోడ పలచబడుతుందా?

వైఫైకి ఎక్కువగా వాడేవి రెండు దారులు. 2.4 గిగాహెర్ట్జ్ గోడలను కొంత దాటుతుంది, కానీ నెమ్మది. పైగా అందులో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే, 1, 6, 11. అపార్ట్‌మెంటులో ముప్పై ఇళ్ల రౌటర్లు ఆ మూడింటి మీద పడితే పూర్ణా మార్కెట్‌లో అందరూ ఒకేసారి బేరమాడినట్టు ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ చాలా వేగం, ఛానళ్లు ఎక్కువ, కానీ కాంక్రీటు గోడ ఒకటి అడ్డొస్తేనే సగం చచ్చిపోతుంది. మీ మోడెంలో 5 గిగాహెర్ట్జ్ ఉందో లేదో ముందే అడగండి. చౌక ప్లానులకు ఒక్క 2.4 ఉన్నవే అంటగడతారు. దాని మీద 100 ప్లాను వేసినా ఫోనులో 40, 50 చూసి సంబరపడాల్సిందే.

పెట్టె హాలు మధ్యలో, మనిషి తల ఎత్తున, చుట్టూ ఖాళీగా ఉండాలి. టీవీ వెనక దాచకండి. చేపల తొట్టి పక్కన అసలే వద్దు, నీళ్లు ఆ తరంగాలను పీల్చేస్తాయి. అందానికి చెక్క అరలో పెట్టి తలుపు వేసేవారు కూడా ఉన్నారు, వాళ్లతో నేను మాట్లాడను.

తీగలవాడు | సోమవారం, రాత్రి 7:45

శారద గారి తిట్లు మా వృత్తికి చెందినవే, భరిస్తాము. చెప్పుల స్టాండు మాట నిజం. కానీ ఇంటివారు 'గోడకు మేకు కొట్టొద్దు, తీగ కనబడొద్దు' అంటే మేమూ చేసేది లేదండీ.

సుజాత గారూ, మీ ఇల్లు ఇంకా రంగులు, చెక్క పని కాకుండా ఉంటే మీ అదృష్టం. అన్ని ప్లానుల కంటే పెద్ద లాభం ఇక్కడే ఉంది. గోడలో టీవీ కేబుల్ కోసం బిల్డరు వేసిన పైపులు ఉంటాయి. వాటిలోంచి హాలు నుంచి మీ వారు పని చేసే గదికి, ఇంకొకటి టీవీ గోడకు క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్ లాగించండి. కరెంటు తీగలున్న పైపులో మాత్రం వద్దు. పూర్తిగా రాగి కేబుల్ అడిగి కొనండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినది చవగ్గా వస్తుంది, వంచితే విరుగుతుంది, దూరం పోయేసరికి వేగం పడుతుంది. కొనేముందు చివర ఒక సన్న తీగను చాకుతో గీకితే లోపల వెండి రంగు బయటపడుతుంది, అప్పుడు దుకాణంవాడికే తిరిగి ఇచ్చేయండి. సమావేశాల కంప్యూటర్‌కు తీగ వేస్తే వైఫై మీద సగం భారం తగ్గిపోతుంది.

కనెక్షన్ ఇచ్చిన రోజున ఇంకొకటి అడగండి. మోడెం సెట్టింగుల పేజీలో వెలుగు బలం డీబీఎం అనే కొలతలో చూపిస్తుంది. మైనస్ తరవాతి అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింత. మామూలు జీపాన్ మోడెం మైనస్ 27 దాకా పట్టుకోగలదు. కాబట్టి మైనస్ 26 చూపిస్తున్నా ఆ రోజుకు అన్నీ పని చేస్తాయి, బిగించినవాడు సంతకం చేయించుకుని వెళ్లిపోతాడు. తరవాత కొంచెం ఎండకో గాలికో జాయింటు సడలితే కనెక్షన్ పోయి ఎర్ర దీపం వెలుగుతుంది. 32 ఇళ్లకు చీల్చే స్ప్లిట్టరు ఒక్కటే సుమారు 17 డీబీ తినేస్తుంది, మిగిలినదాంట్లో మురికి కనెక్టరు, మడత పడిన తీగ ఎంత తిన్నా నష్టమే. ఆకుపచ్చ కనెక్టరు ఉన్నచోట నీలం రంగుది దూర్చి ఇచ్చిన ఇళ్లూ చూశాను. పడుతుంది, కానీ ముఖాలు కలవవు, ఎందుకంటే ఆకుపచ్చదాని కొన ఏటవాలుగా అరగదీసి ఉంటుంది.

ఆ సంఖ్యను ఫోటో తీసి ఉంచుకోండి. రేపు గొడవ వస్తే ఆ ఫోటో మాట్లాడుతుంది.

పెందుర్తి_అద్దెఇల్లు | సోమవారం, రాత్రి 8:10

తీగ లేని 5జీ పెట్టె గురించి ఎవరూ చెప్పలేదు. మా వీధికి ఏ ఫైబరూ రాలేదు, అదే దిక్కు. పగలు 100 పైనే వస్తుంది, రాత్రి 30. అప్‌లోడ్ ఎప్పుడూ తక్కువే. ఇల్లు మారితే పెట్టె వెంట తీసుకుపోవచ్చని తీసుకున్నాను.

రుషికొండ_రవి | సోమవారం, రాత్రి 9:25

మీ పరిస్థితిలో అది సరైన ఎంపికే. విశాఖలో 5జీ 2022 డిసెంబరులో మొదలైంది, ఇంటి పెట్టెల రూపంలో అమ్మకం ఆ తరవాత వచ్చింది. అందులోనూ రెండు రకాలు ఉన్నాయి. ఒకటి ఫోనుల 5జీనే ఇంటికి వాడటం. ఇంకొకటి లైసెన్సు అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ తరంగాల మీద, టవరుకు ఎదురుగా డాబా మీద యాంటెన్నా పెట్టడం. దీనికి మధ్యలో కొత్త భవనం లేస్తే కథ ముగుస్తుంది. మధురవాడలో భవనాలు ఏ వేగంతో లేస్తున్నాయో మీకే తెలుసు.

తీగ లేని దారిలో టవరు కింద ఉన్న ఫోనులన్నీ మీతో పోటీ పడతాయి, అందుకే రాత్రికి 30. పని అంతా వీడియో సమావేశాలైన ఇంట్లో, గాజు తీగ ఫ్లాటులోకి వచ్చే అవకాశం ఉన్నచోట, నేను దీన్ని మొదటి కనెక్షన్‌గా తీసుకోను. రెండోదిగా అయితే సరే.

సీతమ్మధార_శారద | సోమవారం, రాత్రి 9:50

రెండోది అన్నారు కాబట్టి చెబుతున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో స్తంభాలు, టవర్లు, చెట్లు కలిసే పడ్డాయి. ఫోను పలకలేదు. అంతటి తుపాను రోజూ రాదు, కానీ స్తంభం మీద వేలాడే తీగకు చిన్న గాలివాన చాలు. ఇంట్లో ఫైబర్ ఏ కంపెనీదైతే ఫోను సిమ్ము ఆ కంపెనీది కాకుండా చూసుకోండి. ఒకే కంపెనీ అయితే వీధి చివర ఒకే తీగ కట్టయి రెండూ కలిసి పోతాయి.

కుర్మన్నపాలెం_కెమెరా | మంగళవారం, ఉదయం 8:00

దుకాణంలో నాలుగు కెమెరాలు పెట్టాను. పాత కనెక్షన్‌లో ఇంటి నుంచి చూడగలిగేవాణ్ని. కొత్త ఫైబర్‌కు మారాక రికార్డరు చిరునామా తెరుచుకోవడం లేదు. అమ్మినవాడు కెమెరాల తప్పంటాడు, కెమెరాలవాడు ఇంటర్నెట్ తప్పంటాడు.

రుషికొండ_రవి | మంగళవారం, ఉదయం 10:40

రౌటర్‌లో బయటి చిరునామా చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీకు సొంత చిరునామా ఇవ్వలేదని అర్థం. ఐపీవీ4 అనే పాత రకం ఇంటర్నెట్ చిరునామాలకు కరువు కాబట్టి ఆపరేటరు వందల ఇళ్లను ఒకే చిరునామా వెనక దాచుతాడు. బయటికి వెళ్లే పనులన్నీ జరుగుతాయి, బయటి నుంచి మీ రికార్డరును పిలవడం మాత్రం కుదరదు. మూడు మార్గాలు ఉన్నాయి. ఆపరేటరుకు నెలకు కొంత కట్టి స్థిర చిరునామా తీసుకోవడం, కొత్త రకం చిరునామాలైన ఐపీవీ6 మీద నడిచే రికార్డరు వాడటం, లేదా కెమెరా కంపెనీ క్లౌడు యాప్ ద్వారా చూడటం. చాలామందికి మూడోది చాలు. నాలుగు కెమెరాలు క్లౌడుకు పంపితే నికరంగా 8 ఎంబీపీఎస్ దాకా అప్‌లోడ్ పోతుందని గుర్తుంచుకోండి.

గాజువాక_గేమర్ | మంగళవారం, ఉదయం 11:05

గూగుల్ డేటా సెంటరు మన ఊరికే వస్తోంది కదా. అప్పుడు అందరికీ వేగం పెరుగుతుందా?

రుషికొండ_రవి | మంగళవారం, ఉదయం 11:30

2025 అక్టోబరు 14న ప్రకటించారు, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి. అందులో మనలాంటివారికి ఆసక్తికరమైన ముక్క సముద్రగర్భ కేబుళ్లు ఇక్కడే ఒడ్డు చేరే ఏర్పాటు. ఇప్పటిదాకా మన దేశానికి ఆ కేబుళ్లు ఎక్కువగా ముంబైలోనూ చెన్నైలోనూ దిగుతున్నాయి. విదేశాలకు ఇంకో దారి ఏర్పడితే ఒకటి తెగినప్పుడు ఇంకొకటి ఆదుకుంటుంది, కొన్నిటికి పింగ్ తగ్గవచ్చు కూడా. మీ వీధి స్తంభానికీ మీ ఫ్లాటుకూ మధ్య ఉన్న తీగ సంగతి మాత్రం గూగుల్ చూడదు.

సుజాత_పీఎంపాలెం | బుధవారం, రాత్రి 8:15

మీటర్ల గది చూసి వచ్చాము. మూడు పెట్టెలు ఉన్నాయి. రెండింటిలో గాజు తీగలు ఉన్నాయి, పైకి వెళ్లేవి ఆకుపచ్చ కనెక్టర్లతో. మూడోది స్విచ్చి, దాని ప్లగ్గు వదులుగా వేలాడుతోంది. అది ఎవరిదని అడిగితే, గేటు దగ్గర '300 లేనిదే పని జరగదు' అన్న ఆయనదే!

రెండో అంతస్తులో ఉన్నవారిని అడిగితే మంచి మనసుతో ఇంట్లోకి పిలిచి కొలుచుకోనిచ్చారు. వాళ్లది 100 ప్లాను. రాత్రి తొమ్మిదింటికి తీగ మీద 93, హాలులో వైఫై మీద 88, చివరి గదిలో 21. శారద గారూ, మోడెం చెప్పుల స్టాండు మీదే ఉంది. ఫిర్యాదు చేస్తే ఎన్నాళ్లకు వస్తారని అడిగాను. మరుసటి రోజుకు వస్తాడట, అదే కుర్రాడు వస్తాడట. మావారికి అన్నిటికంటే ఆ మాట నచ్చింది.

ఒక చిక్కు ఉంది. అసోసియేషన్ కార్యదర్శి గారు ఒక్క కంపెనీనే అనుమతిస్తామని ఒప్పందం అయిందంటున్నారు. అలా అనవచ్చా?

పాత_ఎక్స్ఛేంజి | బుధవారం, రాత్రి 9:00

సమావేశంలో లేవనెత్తండి అమ్మా. భవనాల్లో డిజిటల్ అనుసంధానం ఎలా ఉందో చూసి నక్షత్రాలిచ్చే రేటింగు విధానానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో నిబంధనలు తెచ్చింది. ఒకే సంస్థకు తాళం చెవి ఇవ్వకుండా అందరికీ సమానంగా దారి ఇవ్వాలన్నదే దాని ధోరణి. రేటింగు తీసుకోవడం బిల్డరు ఇష్టమే, బలవంతం లేదు. అయినా ఇల్లు అమ్ముకోవాలనుకునేవారికి అందులో లాభం ఉందని చెబితే కార్యదర్శి గారు వింటారు. కనెక్షన్లు రెండు ఉంటే ధర, మర్యాద రెండూ మెరుగవుతాయని కూడా చెప్పండి.

రేపు సేవ బాగా లేకపోతే నోటిమాటగా తిట్టి ఊరుకోవద్దు. ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకోండి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు విభాగం ఉంటుంది, రుసుము లేదు. డాకెట్ నంబరు లేకపోతే అక్కడ మీ మాట నిలవదు.

లెక్కల_లక్ష్మి | బుధవారం, రాత్రి 9:20

తీసుకునేది నెలవారీగా తీసుకోండి. వానాకాలం గడిచి బాగుందనిపించాక ఏడాదిది కట్టండి. తగ్గింపు ఎక్కడికీ పోదు, ప్రతి పండుగకూ మళ్లీ ఇస్తారు.

సుజాత_పీఎంపాలెం | గురువారం, ఉదయం 7:10

రెండో అంతస్తువారిదే, 100 ప్లాను, నెలవారీ. మామయ్యగారికి పాత కేబులే. ఎలక్ట్రీషియన్ శనివారం వస్తున్నాడు, క్యాట్ 6 లాగమని చెప్పాము. అతనికి ఇంకేమైనా చెప్పాలా?

తీగలవాడు | గురువారం, ఉదయం 7:40

రెండు చివర్లా మీటరు చొప్పున అదనంగా వదలమనండి. మలుపుల దగ్గర పైపులో గట్టిగా లాగొద్దు, లోపలి జతల మెలిక సడలుతుంది. కనెక్టర్లు రంగులు వేయడం అయ్యాకే బిగించాలి, అప్పటిదాకా చివర్లకు టేపు చుట్టి ఉంచమనండి. మోడెం కోసం హాలు మధ్య గోడకు ఐదడుగుల ఎత్తులో ఒక ప్లగ్గు పాయింటు, దానికి ఇన్వర్టరు లైను ఇప్పించండి. చెప్పుల స్టాండు వైపు పాయింటు ఉంటే అది మూయించేయండి, లేకపోతే మా వాడు అక్కడే పెడతాడు.